రోజుకు పదకొండు వేల అడుగుల ఆరోగ్యం

ఉద్యోగుల ఆరోగ్యం బాగుపడాలంటే కంపెనీ చేయాల్సిన మొదటి పని, ఆఫీసులో ఆడవాళ్ళ బాత్రూంకి తాళం వేయడం.

నవ్వకండి. నా దగ్గర డేటా ఉంది!

నేను గద్వాలలో, రాయచూరు రోడ్డు మీద ఒక విత్తనాల కంపెనీ బ్రాంచిలో కంప్యూటర్లు చూసుకుంటాను. బీటెక్ చదివింది ప్రింటర్లో ఇరుక్కున్న కాగితాలు లాగడానికా అని మా ఇంట్లో అడుగుతుంటారు. ఇక అడగలేరు. ఈ ఏడాది నుంచి నేను వెల్‌నెస్ యాప్‌కి అడ్మిన్‌ని కూడా. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడు బ్రాంచీల్లో ఎవరు ఎన్ని అడుగులు నడిచారు, ఎన్ని గ్లాసుల నీళ్ళు తాగారు, ఎంత సంతోషంగా ఉన్నారు, అన్నీ నా స్క్రీన్ మీదికే వస్తాయి. ప్రతి మంగళవారం మూడు బ్రాంచీల్లోనూ సంతోషం ఒక్కసారిగా పడిపోతుంది. మంగళవారం రివ్యూ మీటింగ్. ఆ రెండింటికీ సంబంధం లేదని హైదరాబాద్ హెడ్డాఫీసు తేల్చేసింది.

వెల్‌నెస్ వచ్చాక మా బతుకులు ఎంత మారాయనుకున్నారు? సాయంత్రం నాలుగింటికి మిర్చి బజ్జీ పోయి మొలకలొచ్చాయి. మాది విత్తనాల కంపెనీ కదా, ల్యాబులో ఎటూ మొలకలే. ఒక ట్రేలో ఉన్నవి లెక్కపెట్టాలి, ఇంకో ట్రేలో ఉన్నవి తినాలి. మందు కలిపిన విత్తనం పొరపాటున నోట్లో పడితే ఏ వెల్‌నెస్సూ కాపాడదు. అందుకే అందరం ఎంత శ్రద్ధగా తింటున్నామో! ఇంత మైండ్‌ఫుల్‌గా తినడం ఏ కోచ్ నేర్పగలడు?

సోమవారం పొద్దున నవ్వుల క్లాసు. ముందు మేనేజర్ రాఘవేందర్ సార్ నవ్వుతారు. తర్వాత హోదా ప్రకారం మేమందరం నవ్వుతాం. నెలాఖరుకు ఒత్తిడి సర్వే. ఒత్తిడి తగ్గలేదని రాసినవాళ్ళు ఎందుకు తగ్గలేదో సాయంత్రంలోగా రాతపూర్వకంగా చెప్పాలి. రెండో నెలకే మా బ్రాంచిలో ఒత్తిడి సున్నా!

ఇలా ఉండగా హెడ్డాఫీసు నుంచి నలభై యోగా మ్యాట్లు దిగాయి.

అది సీజను. గోడౌన్లో బస్తాలు కప్పు దాకా ఉన్నాయి. ల్యాబులో దుమ్ము పట్టేవి ఏవీ పెట్టకూడదు. సార్ గదిలో పెడదామంటే సార్ ఉన్నారు. సార్ రెండు నిమిషాలు ఆలోచించి తేల్చేశారు.

"లేడీస్ బాత్రూంల పెట్టుర్రి. ఆడోళ్లు ముగ్గురే గద, జర అడ్జస్ట్ చేస్కుంటరు."

మ్యాట్లు లోపలికి వెళ్ళాయి. తలుపుకి తాళం పడింది. తాళంచెవి సార్ సొరుగులో పడింది. ఇంకోటి ఉంది, మగవాళ్ళది. గోడౌన్ వెనక హమాలీలు కూర్చునే చోట, సగం తలుపుతో.

ఆ ముగ్గురు ఆడవాళ్ళం ఎవరంటే, నేను, చీపురూ టీ కెటిలూ రెండూ చూసుకునే దేవమ్మ, ల్యాబులో మొలకలు లెక్కపెట్టే ఖైరున్నిసా అక్క. మేం కూడా రెండు నిమిషాలే ఆలోచించి తేల్చేశాం. నీళ్ళు తాగడం మానేశాం.

కానీ యాప్ ఊరుకుంటుందా? గంటకోసారి ఫోను బుడుంగ్ బుడుంగ్ మంటుంది. 'నీళ్ళు తాగారా?' ఖైరున్నిసా అక్క గింజల మీద నుంచి కళ్ళెత్తకుండానే 'తాగాను' నొక్కేది. నెల తిరిగేసరికి యాప్ ఆమెకు 'జలరాణి' అని బంగారు రంగు బ్యాడ్జి ఇచ్చింది. ఆ మరుసటి వారమే నడుములో నొప్పి లేచి మెలికలు తిరిగిపోయింది. దవాఖానకు తీసుకెళ్తే కిడ్నీలో రాయి అన్నారు. రోజుకు మూడు లీటర్ల నీళ్ళు తాగాలి, లేదంటే ఆపరేషనే.

మర్నాడు అక్క సార్ గదికి వెళ్ళి తాళంచెవి అడిగింది.

"మరి మ్యాట్లు యాడ పెట్టాలెనమ్మా? నా నెత్తి మీద పెట్టుకోవాల్నా? ప్రోగ్రాం అయ్యేదాంక జర ఓపిక పట్టు."

ప్రోగ్రాం ఏడాది పొడవునా ఉంటుంది.

అక్క బయటికొచ్చి నా బల్ల దగ్గర కూలబడింది. "డాక్టరేమో తాగుమంటడు, ఈయనేమో తాళమేస్తడు. నేనేమన్న జూరాల డ్యామా శ్రీజా, గేట్లు మూసి నింపుకోనికి?"

దేవమ్మ టీ పోస్తూనే అంది, "డ్యాముకన్న నిండినంక గేట్లెత్తుతరు బిడ్డా. మనకు గా భాగ్యం గుడ లేదు."

చూశారా, ఆరోగ్యానికి దారి ఇక్కడే తెరుచుకుంది! ఆఫీసు నుంచి ఏడు వందల మీటర్ల దూరంలో అక్క వాళ్ళ ఖాలా ఇల్లుంది. అంటే వాళ్ళమ్మ చెల్లెలిది. అక్క నీళ్ళు తాగడం మొదలుపెట్టింది, ఖాలా ఇంటికి నడవడం మొదలుపెట్టింది. రోజుకు ఐదుసార్లు, రానూ పోనూ. మే నెల ఎండలో! ఫోను హ్యాండ్‌బ్యాగులోనే ఉంటుంది కాబట్టి అడుగులన్నీ యాప్‌లో పడిపోతున్నాయి. రోజుకు పదకొండు వేలు! మా బ్రాంచి సగటు రయ్యిన లేచింది. మూడు బ్రాంచీల్లో గద్వాలే ఫస్టు. ఏ జిమ్ము, ఏ ట్రైనరు సాధించగలరండీ ఇది? ఒక్క తాళం సాధించింది.

అడుగుల్లో ఫస్టు వచ్చినవాళ్ళకు నెలనెలా ప్రైజు. పోటీ ఉన్నచోట మోసమూ ఉంటుంది కదా. గోడౌన్ చూసే ఉదయ్ కిరణ్ గింజలు జల్లించే మిషను మీద ఫోను కట్టేసి అన్నానికి వెళ్ళాడు. మిషను ఊగినప్పుడల్లా ఒక అడుగు. యాప్ లెక్కన అతను పెరుగన్నం తింటూ తింటూనే ఎక్కడో హైవే మీదున్న ఎర్రవల్లి చౌరస్తా దాటేశాడు. దాంతో హెడ్డాఫీసుకు అనుమానం వచ్చింది. గెలిచినవాళ్ళు నడిచిన దారి మ్యాపులో చూపిస్తేనే ప్రైజు అంది.

ఆ సోమవారం నేను రెండు ఉత్తరాలు టైపు చేశాను. రెండూ సార్ చెప్పినవే, రెండూ ఖైరున్నిసా అక్కకే. పదకొండింటికి మొదటిది: అత్యధిక అడుగులు నడిచినందుకు అభినందనలు, శుక్రవారం సభలో సన్మానం. పదకొండుంపావుకి రెండోది: పని వేళల్లో రోజుకు ఐదుసార్లు సీటు విడిచి వెళ్తున్నందుకు శుక్రవారంలోగా జవాబు ఇవ్వాలి, లేకపోతే ఒకటో తారీఖు నుంచి రావాల్సిన పని లేదు. అక్కది కాంట్రాక్టు ఉద్యోగం.

అక్క రెండు కాగితాలూ నా బల్ల మీద పక్కపక్కన పరిచింది.

"ఒగటే నడకకు సన్మానమంట, సస్పెండంట. ఏంది శ్రీజా గిది? యే కాలుకు దండేస్తరు, యే కాలుకు సంకెలేస్తరు?"

శుక్రవారం సభ. హెడ్డాఫీసు నుంచి వెల్‌నెస్ మేడం వచ్చారు. బ్యానరు కట్టాం, ప్రొజెక్టరు పెట్టాం, మ్యాపు వేశాను. మ్యాపులో పార్కు చుట్టూ గుండ్రాలేవీ లేవు. ఒకటే గీత. అదే గీత మీద నెలంతా పడీ పడీ, చీర అంచంత మందంగా తేలింది.

మేడం ముచ్చటపడిపోయారు. "ఎంత క్రమశిక్షణ! రోజూ ఒకే చోటికి! ఏముందమ్మా అక్కడ? మెడిటేషన్ సెంటరా?"

అక్క మైకు అందుకుంది. రాఘవేందర్ సార్ ముఖం ఎప్పుడో మారిపోయింది.

"మా ఖాలా ఇల్లు మేడం. బాత్రూంకు పోత. ఈడ బాత్రూంల మీ మ్యాట్లున్నయి. సార్ మెమో ఇచ్చిండు జవాబు చెప్పుమని. మీరు ప్రైజిచ్చి ఎట్ల గెల్సినవని అడుగుతున్రు. రెండిటికి జవాబొగటే మేడం, అందుకే ఒక్కసారే చెప్తున్న."

వెనక వరుసలో దేవమ్మ చప్పట్లు కొట్టింది. ఈసారి ఎవరూ హోదా చూసుకోలేదు, హమాలీలతో సహా అందరూ కొట్టారు.

మేడం తాళం తీయించారు. తలుపు తెరవగానే మ్యాట్లు ఒకదాని వెనక ఒకటి ఆమె కాళ్ళ మీదికి దొర్లాయి. "వెంటిలేషన్ మంచిగుంటదని ఈడ పెట్టినం మేడం," అన్నారు సార్. మెమో సాయంత్రానికల్లా వెనక్కి వెళ్ళిపోయింది. మ్యాట్లు సార్ గదిలోకి వెళ్ళాయి. సార్ వాటి మధ్యే కూర్చుంటున్నారు.

ఇంతవరకూ సంతోషమే. ఇప్పుడు నష్టం సంగతి వినండి.

ఖైరున్నిసా అక్క అడుగులు రోజుకు పదకొండు వేల నుంచి రెండు వేలకు పడిపోయాయి. మా బ్రాంచి మూడు బ్రాంచీల్లో మూడోది అయిపోయింది. గద్వాలలో ఆరోగ్యం ఎందుకు క్షీణించిందో కారణాలు రాయమని హెడ్డాఫీసు మెయిలు పెట్టింది. పోయినవారం స్కానింగులో అక్క కిడ్నీలో రాయి పోయిందని తేలింది. అది రాద్దామంటే ఫారంలో దానికి గడి లేదు.

ఈ నెల ఫస్టు వనపర్తి. అక్కడ ఫిర్దోస్ అని బిల్లింగు చూసే అమ్మాయి, రోజుకు పన్నెండు వేల అడుగులు! ఆమె మ్యాపు తెరిచాను. ఆఫీసు నుంచి బస్టాండుకి ఒకటే గీత. మందంగా, రోజుకు ఆరుసార్లు.

సార్ చెప్పినట్టే వనపర్తి మేనేజరుకు అభినందనల మెయిలు టైపు చేశాను. పంపే ముందు, మేడంకి కూడా కాపీ పెట్టి, కింద నా సొంతంగా ఒక లైను కలిపాను:

'సార్, మీ లేడీస్ బాత్రూం తాళంచెవి ఎవరి దగ్గరుంది?'