తెలియదని నాలుగు ప్రతులు

మానవజాతి సాధించిన మహత్తర విజయాల్లో, నిప్పు తర్వాతి స్థానం మా విశ్వవిద్యాలయంలోని 'తప్పిన పాఠాల సహాయ కేంద్రా'నిదేనని నేను ఎక్కడైనా సంతకం పెట్టి చెప్పగలను. (పక్కన ముద్ర లేకపోతే ఆ సంతకం చెల్లదు.)

మా ఇంట్లో ఉండి చదువుకుంటున్న మేనకోడలు కామెర్లు వచ్చి మూడు వారాలు కాలేజీకి పోలేదు. ఇంజనీరింగులో దూలాల పాఠాలన్నీ సరిగ్గా ఆ మూడు వారాల్లోనే అయిపోయాయి. పాఠాలు తప్పిన విద్యార్థి సహాయ కేంద్రంలో నమోదైతేనే హాల్ టికెట్ ఇవ్వాలని పదకొండో నిబంధన. నమోదు కాకపోతే ఏడాది పోయినట్టే.

నమోదుకు ఒక ఫారం ఉంది. నాలుగు ప్రతులు, నాలుగూ చేత్తోనే రాయాలి. ప్రశ్న మాత్రం ఒక్కటే: 'తప్పిన ప్రతి పాఠంలోనూ మీకు ఏమి తెలియదో సవివరంగా వ్రాయుము.' తెలియనిదాన్ని సవివరంగా రాయాలంటే ముందు అదేమిటో తెలుసుకోవాలి కదా! పిల్ల తన క్లాసులోని స్నేహితురాలిని పిలిపించుకుంది. ఆ అమ్మాయి ఐదు రోజులు మా వంటగది బల్ల దగ్గర కూర్చుని, రెండు గ్లాసుల మీద చెక్క స్కేలు పెట్టి, మధ్యలో ఉప్పు ప్యాకెట్ పెట్టి, దూలం ఎక్కడ ఎక్కువ వంగుతుందో చూపించింది. నాక్కూడా అర్థమైంది. (నేను ఎక్కడా నమోదు కాలేదు.)

నింపిన ఫారం తీసుకుని పిల్లా నేనూ వెళ్లాం. సహాయాధికారి కళ్లజోడు సవరించుకుని మొత్తం చదివారు.

"ఏమ్మా, ఇదంతా నువ్వే రాశావా?"

"అవునండీ."

"ఇంత బాగా వచ్చినప్పుడు ఇంక నీకు సహాయం దేనికి? నమోదు కుదరదు."

"మరి హాల్ టికెట్టండీ?"

"అది సహాయం అవసరమైనవాళ్లకేనమ్మా."

పిల్ల కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నాకు ఒళ్లు మండింది. "చదువుకోవడం కూడా తప్పేనా అండీ?" అన్నాను.

"తప్పని నేనన్లేదే! ముందస్తు అనుమతి లేదంటున్నాను."

అయితే మనిషి మంచివారు. తలుపు దగ్గరగా వేసి, కుర్చీ ఇవతలికి జరుపుకుని, తెలియనట్టు ఎలా రాయాలో అరగంట సేపు ఓపిగ్గా నేర్పారు. "మధ్యలో వంగుతుందని రాశావు చూడు, అది కొట్టెయ్. గోడ దగ్గర వంగుతుందని రాయి. కింద 'అంతా అయోమయంగా ఉంది' అని చేర్చు. రాత మరీ ఇంత గుండ్రంగా వద్దు తల్లీ."

"సిగ్గుగా ఉంది మామయ్యా" అంటూనే నాలుగు ప్రతులూ రాసింది. ముద్ర పడింది, హాల్ టికెట్ వచ్చింది. మొదటి సహాయ తరగతిని పరీక్షలయ్యాక రెండు నెలలకు వేశారు. (గది ఖాళీ లేదట.)

పరీక్షలో దూలమే వచ్చింది. మధ్యలోనే వంగుతుందని లెక్కతో సహా రాసి, నూటికి తొంభై ఒకటి తెచ్చుకుంది. మా అక్క ఫోన్లో ఊరంతా చాటింది. మూడో రోజున తాఖీదు వచ్చింది. తనకు తెలియదని స్వహస్తాలతో నాలుగు సార్లు రాసిచ్చిన సంగతిని విద్యార్థిని పరీక్షలో సరిగ్గా ఎలా రాయగలిగిందో కాపీల విచారణ సంఘం తెలుసుకోదలచింది. తేలేదాకా ఫలితం నిలిపివేత. కాపీ అని తేలితే మూడేళ్లు పరీక్షల గడప తొక్కకూడదు.

విచారణకు నేనూ వెళ్లాను. "నేనే నేర్పానండీ" అంది స్నేహితురాలు.

"నేర్పడానికి నీకు అధికారం ఎవరిచ్చారమ్మా?" అన్నారు సంఘాధ్యక్షులు. ఆ సాక్ష్యం అంతటితో సరి.

ఇక మిగిలింది సహాయ కేంద్రం. తామే నేర్పామని ఒక్క ముక్క రాసిస్తే పిల్ల బయటపడుతుంది. మా మేనకోడలు నా చెయ్యి గట్టిగా పట్టుకుని సహాయాధికారి వైపే చూస్తోంది. ఆయన లేచి, గొంతు సవరించుకుని, తమ కేంద్రం ఏనాడూ అబద్ధం రాయలేదని మనవి చేసి, మూడు ముద్రలున్న కాగితం చదివారు: "ఈ విద్యార్థినికి మేము ఇంతవరకు ఏమీ నేర్పలేదు. కావున ఆమెకు ఏమీ వచ్చే అవకాశం లేదు."