రోజూ పదకొండింటికి ఫైర్ డ్రిల్

పుష్పకు రోజూ కావలసింది ఒక్కటే. పదకొండింటికి పోయి, బిడ్డకు పాలిచ్చి, పావుగంటలో తిరిగి రావాలి. కాజీపల్లి మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని ఆమెది. పది నెలల తనుశ్రీ గేటు పక్కనున్న పిల్లల గదిలో, పిల్లలను చూసుకునే ఆగమ్మ దగ్గర ఉంటుంది. సీసా పాలు నోట పెట్టదు.

ఫ్యాక్టరీలోని ఇరవై ఏళ్ల నాటి కంప్యూటర్ ప్రోగ్రాంకు పాలివ్వడమంటే తెలియదు. పని మధ్యలో లేచిపోవడానికి అది మూడే కారణాలు ఒప్పుకునేది: భోజనం, దవాఖానా, ఫైర్ డ్రిల్. అందుకని టైమ్ ఆఫీసు అంజయ్య రోజూ ఆమె పేరు మీద ఫైర్ డ్రిల్ అని కొట్టేవాడు.

ఇప్పుడు కొత్త ప్రోగ్రాం వస్తోంది. ఇంజనీరు హరిచందన నెల రోజులుగా నోటుబుక్కు పట్టుకుని అందరినీ అడుగుతోంది. "మీ పని మీకే తెలుసు. మీ మాటలే కంప్యూటర్‌కు నేర్పుతా. అక్కా, పదకొండింటికి ఎక్కడికి వెళ్తారు?"

నిజం చెబితే ఆ పావుగంట కూడా పోతుందేమో! పుష్ప తల వంచుకుని డబ్బాలు సర్దుతూ అంది. "ఫైర్ డ్రిల్‌కు పోత మేడమ్."

"రోజూనా?"

"ఔ మేడమ్. మా దగ్గర జాగ్రత్త జెర ఎక్కువ."

హరిచందన మెచ్చుకుని రాసుకుంది. డ్రిల్ అప్పుడు ఏమేం జరగాలో సేఫ్టీ ఆఫీసరును అడిగి, అదీ రాసుకుంది.

కొత్త ప్రోగ్రాం మొదలైన రోజు పదకొండింటికి పుష్ప మిషన్‌లో కార్డు పెట్టింది. కంప్యూటర్ ఫైర్ డ్రిల్ మొదలుపెట్టింది. సైరన్ మోగింది. గేట్లు తెరుచుకున్నాయి. డ్రైవర్ల ఫోన్లకు కబురు వెళ్లి కంపెనీ బస్సులు వరుసగా వచ్చి నిలబడ్డాయి. జనం ఎక్కి కూర్చున్నారు. పక్క ఫ్యాక్టరీ వాళ్లూ రోడ్డెక్కారు. "ఏంది, గ్యాసా?" అని ఎవరో అడిగారు. ఆ మాట బొల్లారం చేరేసరికి గ్యాసే అయింది.

అందరూ గేటు బయటికి ఉరికితే పుష్ప ఏడుస్తూ పిల్లల గదిలోకి ఉరికింది. గడపలో ఆగమ్మ బిడ్డనెత్తుకుని నిలబడి ఉంది. "నువ్వెందుకు ఏడుస్తున్నవే? నీ బిడ్డ సైరన్‌కు నవ్వుతుంది సూడు!"

గంట తర్వాత మేనేజర్ రాజశేఖర్ గదిలో పంచాయితీ.

"మంట లేదు, పొగ లేదు! ఎవరు మోగించిండ్రు?"

"నేనే సార్," అంది పుష్ప ముందుకొచ్చి. "బిడ్డకు పాలియ్య పోయిన. అంజయ్య కాకది తప్పేం లేదు. తీసేస్తే నన్ను తీసెయ్యుండ్రి."

"పాలకు ఫైర్ డ్రిల్లా! ఎన్ని రోజుల సంది నడుస్తుంది గిది?"

అంజయ్య ఆయన తల వెనక గోడకేసి చూశాడు. అక్కడ ఒక షీల్డు మెరుస్తోంది. ఏడాదిలో అన్ని ఫ్యాక్టరీల కంటే ఎక్కువ ఫైర్ డ్రిల్లులు జరిపినందుకు వచ్చింది. దాన్ని అందుకున్న రోజు మేనేజర్ అరగంట ఉపన్యాసం ఇచ్చాడు.

"ఆ షీల్డు వచ్చిన ఏడు ప్యాకింగ్ శ్రీలత తన బిడ్డకు పాలిచ్చేది సార్," అన్నాడు అంజయ్య మెల్లగా. "మూడొందల డ్రిల్లులు."

మేనేజర్ వెనక్కి తిరిగి షీల్డును చూశాడు.

హరిచందన నోటుబుక్కు తెరిచింది. "తప్పు నాది సార్. ఎక్కడికని అడిగా, ఎందుకని అడగలేదు. అక్కా, దీన్ని మీరు ఏమంటారు?"

"పాల యాళ్ల అంటం మేడమ్. పాలిచ్చే టైమ్."

సాయంత్రానికి ప్రోగ్రాంలో నాలుగో కారణం చేరింది: పాల యాళ్ల. షీల్డు పిల్లల గదికి మారింది. పళ్లొస్తున్న తనుశ్రీ దాన్ని ఒక మూల నుంచి కొరుకుతోంది.