అందరి మెడలోనూ ఎర్ర మఫ్లరే

ఆ రోజుకు రంగులమ్మాయి వేసుకున్న ప్రణాళిక సాదాసీదాది. తొమ్మిదింటికి ఆఫీసు. పదింటికి బొమ్మకు మాటలు జతచేయడం. పన్నెండింటికి సినిమాను కంప్యూటర్‌కు అప్పగించి ఇంటికెళ్ళి, ఇస్త్రీ బట్టలు వేసుకుని, నాలుగింటికి జరిగే ప్రదర్శనకు తీరిగ్గా రావడం. ప్రదర్శన బాగుంటే ఉద్యోగం ఖాయం చేస్తామని మేనేజరు మాటిచ్చాడు. బాగుండకపోతే పాత ఫొటో స్టూడియోకే తిరిగి పోవాలి. అక్కడ ఆమె ఐదేళ్ళపాటు పెళ్ళి ఫొటోల్లో మేనమామల బట్టతలల మీద మెరుపు తగ్గించే పని చేసింది. ఇక ఒక్క బట్టతల కూడా చూసే ఓపిక తనకు లేదని పొద్దున కాఫీ తాగుతూ వాళ్ళమ్మకు చెప్పి మరీ బయల్దేరింది.

ఆ ఆఫీసులో పాత నలుపు తెలుపు సినిమాలకు రంగులు వేస్తారు. ఆమె చేతికొచ్చింది ఒక హత్య సినిమా. తడిసిన వీధులు, పొగమంచు, ముఖం మీద సగం దాకా దిగిన టోపీలు, గోడ మీద మనిషి కంటే ముందు నడిచే నీడలు, ఒక శవం, ఒక ఇన్‌స్పెక్టరు, ఏడుగురు అనుమానితులు. గీతలు పడ్డ మాటల పట్టీని పక్కగదిలో శుభ్రం చేస్తూ ఉండటంతో ఆరు నెలలపాటు ఆమె మూగబొమ్మతోనే పనిచేసింది. అదీ వరసగా కాదు, ఏ ముక్క ముందు చేతికొస్తే ఆ ముక్కకు. కథేమిటో ఆమెకు తెలియదు, తెలుసుకోమని ఎవరూ చెప్పనూ లేదు.

సినిమా నిండా చలికాలం. మగవాళ్ళందరి మెడల్లోనూ మఫ్లర్లున్నాయి, అన్నీ ఒకే బూడిద రంగులో ఉన్నాయి. ఎవరు ఎవరో తెలియక ప్రేక్షకులు తికమకపడతారని జాలిపడి ఆమె తలా ఒక రంగు పంచింది. డాక్టరుకు ఆకుపచ్చ, బ్యాంకు గుమాస్తాకు నీలం, సంగీతం మాస్టారుకు పసుపు, ఇన్‌స్పెక్టరుకు గోధుమ. సన్న మీసాల వకీలు ఒకడు ఎప్పుడు చూసినా పొగమంచులోనే తిరుగుతూ కనిపించాడు. పాపం కనపడకుండా పోతాడేమోనని వాడికి మంచి ఎరుపు వేసింది. ఆ ఎరుపు కుదిరినందుకు వారం రోజులు సంబరపడింది కూడా.

శబ్దం పని చూసే పెద్దాయనను ఆఫీసంతా బాబాయ్ అని పిలుస్తుంది. పదింటికి ఆయన మాటలు జతచేసి మీట నొక్కాడు. ఇద్దరూ చెరో కుర్చీ లాక్కుని కూర్చున్నారు. పదకొండో నిమిషంలో, హత్యను కళ్ళారా చూసిన పేపర్లమ్మే ముసలివాడు తెర మీద మొదటిసారి నోరు విప్పాడు.

"ముఖం కనపళ్ళేదయ్యా. దీపం కింద మఫ్లరొక్కటే చూశాను. ఎర్ర మఫ్లరు."

ఇన్‌స్పెక్టరు తల పంకించి, సలహా కోసం నేరుగా వకీలు ఇంటికి వెళ్ళాడు. వకీలు తన ఎర్ర మఫ్లరు సర్దుకుంటూ టీ పోశాడు. ఎర్ర మఫ్లరు వాడిని ఎలా పట్టుకోవాలా అని ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని నాలుగు నిమిషాలు చర్చించారు. అక్కణ్ణుంచి ఇన్‌స్పెక్టరు ఆ మఫ్లరు కోసం ఊరంతా జల్లెడపట్టాడు. దారిలో వకీలు ఎదురైతే ఆపి టైమెంతైందని కూడా అడిగాడు.

బాబాయ్ సినిమా ఆపి కళ్ళద్దాలు తీశాడు. "అమ్మాయ్, హంతకుడెవడో తెలుసుకోడానికి జనం రెండు గంటలు కూర్చోవాలి. నువ్వు పదకొండో నిమిషానికే ఇంటికి పంపించేస్తున్నావు."

రంగులమ్మాయి వకీలు మఫ్లరు మార్చేద్దామా అంటే, ఆఖరి సీనులో ఇన్‌స్పెక్టరు దాన్ని వాడి మెడలోంచి లాగి, ఇదే ఆ ఎర్ర మఫ్లరని కోర్టు నిండా వినపడేలా అరుస్తాడని బాబాయ్ చెప్పాడు. పోనీ మాటలే మారుద్దామని ఆయనే బయల్దేరాడు. సినిమా అంతా వెతికితే నీలం అనే మాట హీరోయిన్ సముద్రాన్ని పొగిడే చోట ఒక్కసారి దొరికింది. దాన్ని కోసి తెచ్చి ముసలివాడి నోట్లో అతికించాడు. ముసలివాడు బొంగురు గొంతుతో మొదలుపెట్టి, మధ్యలో పద్దెనిమిదేళ్ళ పిల్లలా నీలం అని గోముగా పలికి, మళ్ళీ బొంగురుగా ముగించాడు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా దాన్ని చెరిపేశారు.

అప్పుడు ఆమెకు ఆ ఆలోచన వచ్చింది.

"బాబాయ్, అందరికీ ఎరుపే వేసేస్తే?"

బాబాయ్ గడ్డం గోక్కున్నాడు. "ఊళ్ళో అందరూ హంతకులే అవుతారు. అనుమానానికైతే లోటుండదు."

ఆమె కంప్యూటర్‌లో ఒక సదుపాయం ఉంది. ఒక బూడిద రంగును చూపించి ఇక దీనికి ఎరుపు అని చెబితే, ముందు వేసిన రంగులతో పనిలేకుండా, అసలు సినిమాలో అచ్చంగా ఆ బూడిద రంగు ఉన్న ప్రతిచోటా అది ఎరుపు వేసుకుంటూ పోతుంది. ఆమె వకీలు మఫ్లరును చూపించింది. కంప్యూటర్ బుద్ధిగా పని మొదలుపెట్టింది. డాక్టరు, గుమాస్తా, మాస్టారు, ఇన్‌స్పెక్టరు అందరూ ఎర్రబడ్డారు. అది అంతటితో ఆగితే ఏ గొడవా లేకపోయేది. హీరోయిన్ ఇంట్లో కర్టెన్లు ఎర్రబడ్డాయి. సోఫా మీది దిండ్లు ఎర్రబడ్డాయి. చివరికి హతుడి కుక్క మెడపట్టీ కూడా ఎర్రబడింది. ఆమె కంప్యూటర్‌ను నానా తిట్లూ తిడుతూ ఒక కర్టెన్ సరిచేసేసరికి ఇంకో గదిలో నాలుగు కనిపించాయి. సినిమా మొత్తం కూర్చి ఇవ్వడానికి కంప్యూటర్‌కు రెండు గంటలు కావాలి. ఒంటిగంటన్నరకు, కర్టెన్లను వాటి ఖర్మకు వదిలేసి ఆమె మీట నొక్కింది. ఇస్త్రీ బట్టల సంగతి అప్పుడే మర్చిపోయింది.

మూడింటికి మేనేజరు కొత్త కోటులో మెరిసిపోతూ వచ్చాడు. ఆయన తెచ్చిన కబురు పుండు మీద కారంలా తగిలింది. ప్రతి రంగూ పరిశోధించి వేసిన అసలు రంగేనని ఆహ్వానపత్రంలో అచ్చు వేయించాడట. అది నిజమని నలుగురిలో చెప్పించడానికి, ఆ సినిమాకు బట్టలు కుట్టిన దర్జీని ఎక్కడెక్కడో గాలించి పట్టుకున్నాడట. ఎనభై ఆరేళ్ళ ఆ తాతగారు కారులో బయల్దేరారట. ఆమె అసలు విషయం చెప్పబోయింది. వినయం మంచిదే గానీ ఇవాళ వద్దని భుజం తట్టి మేనేజరు వెళ్ళిపోయాడు.

నాలుగింటికి ముప్పైమంది దాకా చేరారు. ముందు వరసలో సినిమా హాలు యజమాని, ఆయన భార్య, చేతికర్ర మీద గడ్డం ఆనించుకుని దర్జీ తాత కూర్చున్నారు. ఈ బొమ్మను హాల్లో వేయాలా వద్దా అన్నది యజమాని చేతిలో ఉంది. రంగులమ్మాయి పారిపోవడానికి వీలుగా తలుపు పక్క కుర్చీ చూసుకుంది.

ఎర్ర మఫ్లరు చూశానని పేపర్ల ముసలివాడు చెప్పాడు. ఇన్‌స్పెక్టరు తన ఎర్ర మఫ్లరు బిగించుకుని, వాణ్ణి వదలనన్నాడు. ఎవరో కిసుక్కున నవ్వారు. వకీలు ఎర్ర మఫ్లరుతో తలుపు తీశాడు, ఇంకో ఇద్దరు నవ్వారు. ఆమె కళ్ళు మూసుకుంది. అయితే డాక్టరు వచ్చేసరికి నవ్వులు ఆగిపోయాయి. ఏం జరిగిందోనని కళ్ళు తెరిచి చూస్తే, జనం కుర్చీల అంచుల మీదికి జరిగి ఉన్నారు. ఇన్‌స్పెక్టరే చేసుంటాడని యజమాని భార్య గుసగుసలాడింది. కాదు, మాస్టారి వేళ్ళు చూడమని వెనకవరస సలహా ఇచ్చింది. కుక్క మీద కూడా అనుమానపడ్డవాళ్ళున్నారు. ఆఖర్న వకీలును పట్టుకుంటే, అన్యాయంగా ఇరికించారని ఇద్దరు ముగ్గురు వాదనకు దిగారు.

దీపాలు వెలిగాయి. యజమాని లేచి, ఈ సినిమా చిన్నప్పట్నుంచీ నలభైసార్లు చూశానని, హంతకుడెవడో తెలిసి కూడా ఇవాళ ఇన్‌స్పెక్టరును చూసి భయపడ్డానని ఒప్పుకున్నాడు. మేనేజరు ముఖం వికసించింది. అంతలో యజమాని ఆహ్వానపత్రం జేబులోంచి తీసి దర్జీ వైపు తిరిగాడు.

"తాతగారూ, అసలు రంగులని ఇందులో రాశారు. ఊరంతా ఎర్ర మఫ్లర్లేంటండీ? నా హాలుకొచ్చేవాళ్ళకి అబద్ధం చెప్పలేను. మీరు కాదంటే వెయ్యను."

దర్జీ తాత కర్ర ఊతంగా లేచి, రంగులు ఎవరు వేశారని అడిగాడు. అప్పటిదాకా ఆ ఘనతను తన ఖాతాలో వేసుకుంటున్న మేనేజరు చటుక్కున తలుపు పక్కకు వేలు చూపించాడు.

"నీకెవరు చెప్పారమ్మా?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆ ముసలాయన కళ్ళలోకి చూస్తూ చెప్పడానికి ఆమెకు మనసొప్పలేదు. "ఎవరూ చెప్పలేదండి. ముందు తలా ఒక రంగు వేశాను. ఇవాళ పొద్దున మాటలు విని, భయపడి అందరికీ ఎరుపు పెట్టేశాను. కర్టెన్లు నేను వెయ్యలేదు, కంప్యూటరే వేసింది. తప్పు నాదేనండి."

మేనేజరు దగ్గాడు. ఫొటో స్టూడియో తలుపులు తనకోసం తెరుచుకోవడం ఆమెకు కనపడుతూనే ఉంది.

"తప్పేముందమ్మా," అన్నాడు దర్జీ. "మాకిచ్చింది ఒకటే తాను. ఎర్ర గుడ్డ. ఎలాగూ తెర మీద బూడిదగానే పడుతుంది, ఎవడు చూడొచ్చాడని అందరి మఫ్లర్లూ దాంట్లోంచే కత్తిరించాను. మిగిలింది కర్టెన్లకీ దిండ్లకీ వాడాను. ఇంకా మూరెడు పీలిక మిగిలితే కుక్కకి పట్టీ కుట్టాను."

ఒకే తాను కనకనే ఒకే బూడిద. పొద్దుటి నుంచి తను తిట్టిన కంప్యూటర్ ఒక్క తప్పు కూడా చేయలేదని రంగులమ్మాయికి అప్పుడు తెలిసింది. దర్జీ తాత కళ్ళు తుడుచుకుంటూ, అదంతా ఎర్ర గుడ్డేనని ఇన్నేళ్ళుగా చెబుతున్నా ఇంట్లో ఒక్కరూ నమ్మలేదని, హాల్లో వేసిన రోజే మనవలందరినీ వెంటబెట్టుకొస్తానని అన్నాడు. ఆమెకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఇంత సంతోషం ఆమె ఈమధ్య ఎరగదు.

ఆ శుక్రవారమే బొమ్మ వేస్తానని యజమాని చెప్పాడు. మేనేజరు ఆ సాయంత్రమే ఉద్యోగం ఖాయమన్న కాగితం మీద సంతకం పెట్టి, పరిశోధనకు ఎన్ని నిద్రలేని రాత్రులు పట్టాయో వచ్చినవాళ్ళకు వివరిస్తూ ఉండిపోయాడు.

మర్నాడు ఆమె గది తలుపుకు 'పరిశోధన విభాగం' అని కొత్త బోర్డు తగిలించారు, నలుపు తెలుపుల్లో.