పైపు నట్టుకి ఇంకొక్క తిప్పు

ఆ ఉదయం డీజిలయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. మెకానిక్ దగ్గరికి వెళ్తున్నానని ఇంట్లో చెప్పాలి. వీధి మలుపు దాకా నడవాలి. చుట్టు తిరిగి వచ్చి తన వ్యానులో తనే దాక్కోవాలి. దొంగని పట్టుకోవాలి.

చొక్కాలకి పట్టిన వాసన వల్ల ఆయనకా పేరు స్థిరపడిపోయింది. ఇంటి వెనక షెడ్డులో భార్యా బావమరిదీ ఆసుపత్రి దుప్పట్లు ఉతికి ఆరేస్తారు. తండ్రి మడతపెట్టి మూటలు కడతాడు. డీజిలయ్య వాటిని వ్యానులో చేరవేస్తాడు. వ్యాను ముసలిదే అయినా ఇంజను గుండ్రాయి. కానీ ఈ మధ్య ఇంజనుకి డీజిల్ అందించే సన్నటి ఇనుప పైపు మాటిమాటికీ పగులుతోంది. ఎన్ని కొత్తవి వేసినా అదే చోట, నట్టు మెడ దగ్గరే చీలి డీజిల్ చిమ్ముతోంది. వ్యాను నడిరోడ్డు మీద అలిగి కూర్చుంటోంది.

నిన్న రెండు మాటలు పడవలసి వచ్చింది. మొదటిది ఆసుపత్రి స్టోరు మేడంది.

"ఇంకొక్కసారి ఎనిమిది దాటిందా, ఈ పని మీ ఎదురింటాయన వ్యానుకి ఇచ్చేస్తాను."

రెండోది మెకానిక్‌ది.

"తప్పు పైపుది కాదు. నేను బిగించి వదిలిన చోట నట్టు ఉండటం లేదు. ఎవరో దాని మీద చెయ్యి వేస్తున్నారు."

ఈ రెండు మాటలూ పక్కపక్కన పెట్టి చూస్తే డీజిలయ్యకి ఎదురింటాయన మీసాలు కనిపించాయి. ఆయనకి కొత్త వ్యాను ఉంది. పైగా రోజూ పొద్దున్నే "బండి ఎలా ఉంది?" అని నవ్వుతూ అడుగుతాడు. ఇన్నాళ్ళూ దాన్ని మర్యాద అనుకున్నాడు డీజిలయ్య.

అనుకున్నట్టే చుట్టు తిరిగి వచ్చి వ్యాను ఎక్కాడు. ముందు రెండు సీట్ల మధ్య ఇంజను మూత ఉంటుంది. దాన్ని ఎత్తి, ఎందుకైనా మంచిదని, రోజూలాగే నట్టుని పానాతో ఒక్క తిప్పు తిప్పాడు. తరవాత వెనక్కి వెళ్ళి అప్పటికే ఎక్కించి ఉన్న మూటల మధ్య కూర్చుని, సీట్ల వెనకనున్న ఇనుప జాలీలోంచి ముందు సీట్లని చూస్తూ ఊపిరి బిగబట్టాడు.

కాసేపటికి ముందు తలుపు తెరుచుకుంది. లోపలికి వచ్చింది మీసాలు కాదు, గాజులు. భార్య! కొంగులోంచి పానా తీసింది.

"ఆయనకి చెబితే నవ్వుతాడు. నువ్వు మాత్రం ఇవాళ పగలకు తల్లీ!" అని నట్టుకి చెప్పి, పళ్ళు బిగించి ఒక్క లాగు లాగి వెళ్ళిపోయింది.

వ్యాను సంగతి ఏనాడూ అడగని మనిషికి ఇంత దిగులుందా అని డీజిలయ్యకి కళ్ళు చెమర్చాయి. ఆ తడి ఆరకముందే దగ్గు వినిపించింది. తండ్రి!

"మావాడికి చిన్నప్పట్నుంచీ చేతుల్లో సత్తువ లేదు," అని గొణుగుతూ ఆయన కూడా మూత ఎత్తాడు. రెండు చేతులతోనూ తిప్పాడు.

ఈసారి కళ్ళు చెమర్చలేదు. చెవులు వేడెక్కాయి.

మూడోవాడు బావమరిది. వాడు పానాతో ఆగలేదు. పానా పిడికి మూరెడు ఇనుప గొట్టం తొడిగి, దాని మీద మోకాలు మోపాడు.

"ఒరేయ్, వద్దురా!" అని అరుస్తూ డీజిలయ్య లేచాడు. ఆయనతో పాటు మూటలూ లేచాయి. లేచి ఆయన మీదే పడ్డాయి.

మూటల్లోంచి వచ్చిన కేకకి బావమరిది ఒక్క దూకు దూకి, వెనక తలుపుకి బయటినుంచి గడియ పెట్టేశాడు.

"అక్కా! మావయ్యా! దొంగ దొరికాడు!"

"నేనురా, మీ బావని!" దుప్పట్ల అడుగునుంచి వినిపించింది.

"మా బావ మెకానిక్ దగ్గరికి వెళ్ళాడు! దొంగవై ఉండి వరసలు కలుపుతావా?"

భార్య చెవి ఒగ్గి విన్నది. "గొంతు ఆయనదిలాగే ఉంది, మావయ్యా."

"వాడు ఎన్నడైనా ఇన్ని మాటలు మాట్లాడాడా?" అన్నాడు తండ్రి. "తలుపు తీయకండి, కత్తి ఉంటుంది. బండితో సహా స్టేషనుకి తోలితే సరి."

తోలేది ఎవరు? ఇంట్లో డీజిలయ్యకి తప్ప ఎవరికీ బండి రాదు. ఆ గోల విని ఎదురింటాయన లుంగీ సర్దుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. సంగతి విని మీసం దువ్వాడు.

"మా డీజిలయ్య పొట్ట కొట్టే వెధవ వీడేనా? తాళం ఇవ్వమ్మా!"

వంటింటి మేకుకి ఉన్న తాళం వచ్చింది. వ్యాను కదిలింది. పక్క సీట్లో బావమరిది కర్ర పట్టుకుని కూర్చున్నాడు.

"గేరు మార్చు! ఇంజను అరుస్తోంది! నెమ్మది, పైపు పగులుతుంది!" అని వెనకనుంచి మూలుగు.

"దొంగకి బండి బాగా తెలుసే," అన్నాడు ఎదురింటాయన.

"రోజూ వస్తున్నాడు కదన్నా, అలవాటైపోయింది."

స్టేషను దారి ఆసుపత్రి ముందునుంచే. అక్కడి పల్లంలోకి దిగగానే ఇంజను మూత కింద ఠప్పుమంది. సందుల్లోంచి చిమ్మిన డీజిల్ ఎదురింటాయన మీసాల్ని తడిపింది. ఇంజను ఆగింది గానీ వ్యాను ఆగలేదు. పల్లం పట్టుకుని జారుతూ, తెరిచి ఉన్న ఆసుపత్రి గేటులోంచి లోపలికి వెళ్ళి, స్టోరు గుమ్మం ముందు బుద్ధిగా నిలబడింది.

గుమ్మంలో మేడం గడియారం చూసుకుంటోంది. ఇంకా ఎనిమిది కాలేదు. ఆమే వెనక తలుపు తీసింది. తల మీద తెల్ల దుప్పటితో డీజిలయ్య మూటల్లోంచి దొర్లి వచ్చాడు.

"దుప్పట్లతో పాటు మనిషిని కూడా ఉతికి తెచ్చారా?" అంది మేడం.

కర్ర కింద పారేసి, "బావా!" అన్నాడు బావమరిది.

"ఇప్పుడా వరస గుర్తొచ్చేది?" అన్నాడు డీజిలయ్య.

మేడం నవ్వు ఆపుకుంటూ మూటలు దింపించుకుంది. "వేళకి తెచ్చారు కాబట్టి పని మీదే. లేకపోతే ఈయనకే ఇచ్చేదాన్ని."

"నాకా?" ఎదురింటాయన మీసాల డీజిల్ తుడుచుకుంటూ అదిరిపడ్డాడు. "ఆసుపత్రి వాసన తగిలితే నాకు కళ్ళు తిరుగుతాయి మేడం!" అన్నాడు. అన్నట్టే తిరిగాయి కూడా. స్టోరు మెట్ల మీద కూలబడ్డ ఆయనకి డీజిలయ్య తన దుప్పటితోనే విసిరాడు. విసిరినంత సేపూ ఆయన మొహంలోకి చూడలేకపోయాడు.

మెకానిక్ వచ్చి, కొత్త పైపు వేసి, పగిలినదాన్ని ఇంటి నడుమ బల్ల మీద పెట్టాడు. "బిగింపు ఎక్కువై మెడ విరిగింది. ఎవరు తిప్పారు?"

"నేను ఒక్క తిప్పే," అంది భార్య.

"నేనూ అంతే," అన్నాడు తండ్రి.

బావమరిది గొట్టాన్ని వీపు వెనక దాచుకున్నాడు. అందరూ డీజిలయ్య వైపు చూశారు. ఆయన తలొంచుకుని ఒక వేలు చూపించాడు.

మెకానిక్ ఇంట్లో ఉన్న పానాలన్నీ ఏరుకుని సంచిలో వేసుకుని వెళ్ళిపోయాడు.

ఆ తరవాత పైపు మళ్ళీ పగల్లేదు. తలా ఒక్క తిప్పు పడ్డ వంటింటి కుళాయి మాత్రం ఇప్పుడు ఎవరికీ తిరగడం లేదు.