ఎల్డన్ గారి ఎక్స్‌మస్ నేరం

క్రిస్మస్ పండగ పేరుని కుదించి ‘ఎక్స్‌మస్’ అని రాసేవాళ్ళ వెంటపడి దిద్దే మనుషులు లోకానికి పీడ అని మీరనుకుంటున్నారు కదూ? తప్పు! ఊరికి వాళ్ళు చేసే ఉపకారం ఇంకెవరూ చెయ్యరు. ఎవరో చెప్పగా విని అంటున్న మాట కాదిది. ఒహాయోలో మా వింటన్ క్రాసింగ్ చర్చికి నిండు పేరు పరిరక్షణ కమిటీ అని ఒకటుంది. పదకొండేళ్ళుగా దానికి నేనే కార్యదర్శిని. నా పేరు వెర్నా.

క్రీస్తు పేరు తీసేసి ఆ చోట ఇంటూ గుర్తు పెడితే మేం చూస్తూ ఊరుకోవాలా? లెక్కల పరీక్షలో తప్పు జవాబుకి పెట్టే గుర్తు అది! మా పాస్టర్ లైల్ మంచివాడే గాని చదువు కాస్త ఎక్కువైంది. “అది ఇంటూ కాదు వెర్నా గారూ. గ్రీకు భాషలో ఆయన పేరుకి మొదటి అక్షరం. పాతకాలం భక్తులు గౌరవం కొద్దీ అలా రాసేవాళ్ళు” అన్నాడోసారి. గ్రీకులెవరూ మా చర్చిలో సభ్యులు కారని మినిట్స్ పుస్తకంలో రాయించాం.

మా త్యాగాలు మీకేం తెలుసు? బేకరీవాడు కేకు మీద చోటు చాలదని పేరు కుదిస్తానన్నాడు. నిండు పేరు పట్టే కేకు చెయ్యమని పట్టుబట్టాం. చేశాడు. అది చర్చి తలుపులో పట్టలేదు. కిటికీ అద్దాలు ఊడదీసి లోపలికి దింపుకున్నాం. మా అధ్యక్షుడు డ్వైట్ రిటైరైన ట్రాఫిక్ పోలీసు. సొంత చెల్లెలు అటకమీది అట్టపెట్టె మీద ‘ఎక్స్‌మస్ లైట్లు’ అని రాసుకుందని ఆవిడకి హెచ్చరిక చీటీ ఇచ్చి వచ్చాడు. కిందటి చలికాలం మంచుమీద జారి చెయ్యి విరిగితే ఎక్స్‌రే తీయించుకోనని మొండికేశాడు. చెయ్యి వంకరగా అతుక్కుంది గాని మనస్సాక్షి తిన్నగా ఉంది.

తప్పు చేసినవాళ్ళని దిద్దడానికి మా చర్చిలో పాతకాలం నుంచీ ఒక పద్ధతుంది. మొదటిసారి ఒక్కరే ఆ ఇంటికి వెళ్ళి చెప్పాలి. వినకపోతే ఇంకో ఇద్దర్ని వెంటబెట్టుకు వెళ్ళాలి. అప్పటికీ వినకపోతే చర్చి మొత్తం కదలాలి. ఫోన్లో చెబితే చెల్లదు.

ఈ డిసెంబరులో ఆ పద్ధతి మొత్తం నడపాల్సి వచ్చింది. నేరస్థుడు ఎవరో కాదు, మా ఎల్డన్ గారే! డెబ్బై తొమ్మిదేళ్ళ మనిషి. చర్చి బయట రోడ్డు వైపున్న బోర్డుమీద పొడుగాటి కర్రతో ప్లాస్టిక్ అక్షరాలు పెట్టే పని ముప్ఫై ఏళ్ళుగా ఆయనదే. ఏనాడూ పేరు కుదించి ఎరగడు. అలాంటిది డిసెంబరు రెండో తేదీ పొద్దున బోర్డుమీద ‘ఎక్స్‌మస్ విందు’ అని ఉంది. కారు కాలవలోకి పోనివ్వబోయి సర్దుకున్నాను.

ఒక్కదాన్నే వెళ్ళి తలుపు కొట్టాను.

“రా వెర్నా. బయట చలి చంపేస్తోంది. కాఫీ తాగుదువుగాని.”

“కాఫీకి రాలేదండీ. మిమ్మల్ని మందలించడానికి వచ్చాను.”

“దానికేం, కూర్చుని మందలించు.”

నా మందలింపు రెండు నిమిషాలు పట్టింది. నేను లేచేసరికి రెండు గంటలైంది. కిందటేడు నవంబరులో పోయిన భార్య లోర్నా గురించి చెబుతూ కూర్చున్నాడు. బోర్డుమీద అక్షరాలు వంకరగా ఉంటే ఆవిడ వీధిలో నిలబడి గట్టిగా కేకలేసేదట. చివర్లో తప్పు ఒప్పేసుకున్నాడు. అంత సులువుగా పశ్చాత్తాపపడే మనిషిని నేను చూడలేదు.

మంగళవారానికి మళ్ళీ ఎక్స్‌మస్! ఈసారి డ్వైట్, ఇంకొకాయన, నేను, ముగ్గురం వెళ్ళాం. మేం తలుపు కొట్టేసరికే బల్లమీద నాలుగు కప్పులున్నాయి. కార్యదర్శిని కనక ఇలాంటివి నా కంట పడతాయి. మళ్ళీ పశ్చాత్తాపపడ్డాడు, దాల్చినచెక్క కేకు కోసి పెట్టాడు. శనివారం బోర్డుమీద చూస్తే ఆ మాట ఒకటి కాదు, రెండుసార్లుంది.

ఆదివారం ప్రార్థన అయ్యాక సభ పెట్టి, ఓటేసి, నలభై ముగ్గురం ఆయన ఇంటికి బయల్దేరాం. గుమ్మం ముందు మంచు శుభ్రంగా ఎత్తిపోసి ఉంది. హాలు నిండా మడత కుర్చీలు, అవీ మా చర్చివే. అరువు పుస్తకంలో సంతకం పెట్టి ముందురోజే పట్టుకెళ్ళాడట. మేం వెళ్ళాలని ఓటేసింది ఆదివారమైతే కుర్చీలు శనివారమే ఎలా కదిలాయో మాకెవరికీ తట్టలేదు.

డ్వైట్ అభియోగం చదవడానికి లేచాడు గాని, నోట్లో చాక్లెట్‌లో ముంచిన వేరుశనగ ముద్ద ఉండటంతో ఒక్క ముక్కా అర్థం కాలేదు. అది మింగాక అడిగాడు: “ముప్ఫై ఏళ్ళు నిండుగా రాశావు కదయ్యా. ఇప్పుడేం పుట్టింది?”

“నిండుగా రాసినన్నాళ్ళూ ఎవరూ రాలేదు డ్వైట్” అన్నాడు ఎల్డన్ గారు. “కాఫీ ఇంకొంచెం పొయ్యనా?”

నలభై ముగ్గురం మా మా కప్పుల్లోకి చూసుకున్నాం.

ఒక మాట ఒప్పుకోవాలి. ఇంట్లో మనిషి పోయినవాళ్ళని వారానికొకరు వెళ్ళి పలకరించి రావాలని మా చర్చిలో ఒక జాబితా ఉంటుంది. కార్యదర్శిని కనక అదీ నా దగ్గరే ఉంటుంది. కమిటీ పనుల ఒత్తిడిలో దాన్ని నేనే కొంచెం కుదించాను. ఆ కుదింపులో ఎల్డన్ గారి పేరే ఎగిరిపోయింది. ఆ ఆదివారం కాఫీ తాగుతుంటే సిగ్గేసింది.

కాబట్టి చదువరులారా, మా కమిటీని ఇక పీడ అనకండి. పదమూడు నెలల్లో ఆ ఇంటి గుమ్మం తొక్కింది మేమే!

సాయంత్రం అందరూ వెళ్ళాక, మిగిలిన ముద్దలు డబ్బాలో పెట్టి నా చేతికిస్తూ ఎల్డన్ గారు గొంతు తగ్గించి అడిగాడు: “ఈ పండగ ఇట్టే అయిపోతుంది వెర్నా. ఈస్టర్‌ని పొట్టిగా రాసే దారి ఏమైనా ఉందా?”

లేదని చెప్పి వచ్చేశాను. మూడు రోజులుగా కాగితం ముందేసుకుని వెతుకుతున్నాను. మీకెవరికైనా తెలిస్తే నాకు రాయండి, డ్వైట్‌కి మాత్రం చెప్పకండి.