ఆ రోజు వాన పడిందా?

ఆ సోమవారం ఉదయం ఆమె పెట్టుకున్న పని పెద్దదేమీ కాదు. పది గంటల బస్సు వచ్చేలోగా తల ఆరబెట్టుకోవాలి, టీ తాగాలి, వారం రోజుల స్థానిక పత్రిక తిరగేసి దాని మీద రెండు పేజీల సమీక్ష రాయాలి. జర్నలిజం రెండో ఏడాది చదువుతోంది. తరగతిలో అందరూ ఆమెను ఎర్రసిరా అంటారు. ఎవరి కాగితం చేతికొచ్చినా పక్కన ఎర్రగా "ఆధారం ఏది?" అని రాయనిదే ఆమెకు నిద్రపట్టదు. ఆ పేరంటే లోలోపల ఆమెకు ఇష్టమే.

పత్రికల కోసం ఎక్కడికీ వెళ్లక్కర్లేదు. వాళ్ల నాన్న పంతొమ్మిదేళ్లుగా ఆ పత్రికలోనే సబ్‌ఎడిటర్. రెండో పేజీ ఆయనది. రైళ్ల వేళలు, ఉద్యోగ ప్రకటనలు, కుడివైపు మూలన అరచేతంత వాతావరణం పెట్టె. చిన్నప్పుడు ఆమె కూడబలుక్కుని చదివిన మొదటి అచ్చు అక్షరాలు ఆ పెట్టెలోవే. లోకంలో ఇంకేది తప్పయినా నాన్న చెప్పిన ఎండావానా తప్పు కావని ఆమె నమ్మకం.

గురువారం పత్రిక నాలుగో పేజీ అడుగున ఆరు లైన్ల వార్త కనిపించింది. "భారీ వర్షానికి గోడ కూలి వృద్ధుడి మృతి." బస్ డిపో ప్రహరీ గోడ బుధవారం సాయంత్రం కూలిందట. దాన్ని ఆనుకుని కూర్చుని గొడుగులు బాగుచేసే ముసలాయన ఇటుకల కింద పడి ప్రాణం వదిలాడట. కుండపోత వానకు గోడ నానిపోయిందని అధికారులు చెప్పారట. పేజీ తిప్పబోతూ ఆమె ఆగింది. రెండో పేజీ తీసి నాన్న పెట్టె చూసింది. బుధవారం వర్షపాతం సున్నా.

వంటింట్లోకి వెళ్లి, పోయిన బుధవారం వాన పడిందా అని అమ్మను అడిగింది. పడలేదని, దుప్పట్లు కూడా సాయంత్రానికి ఆరిపోయాయని అమ్మ చెప్పింది. డిపో అక్కడికి ఐదు కిలోమీటర్ల దూరం. ఆ సంగతి ఆమెకు గుర్తు రాలేదు. దుప్పట్లను రెండో ఆధారంగా రాసుకుంది. "ఒకే పత్రికలో నాలుగో పేజీలో కుండపోత, రెండో పేజీలో చినుకు లేదు. రెండింట్లో ఒకటి అబద్ధం. ఆ అబద్ధం గోడ కట్టిన కాంట్రాక్టర్‌కు మేలు చేసేదే కావడం గమనార్హం" అని ముగించింది. ఒక మనిషి పోయిన వార్త చదివి తను సంబరపడుతున్నానని ఆమెకు తోచలేదు. తడి తలతోనే బస్సెక్కింది.

తరగతిలో పద్నాలుగు మంది. ఒకరి సమీక్ష ఒకరు చదివి పదికి ఇన్నని మార్కులు వేయాలి. ఒకడు వారం రోజుల్లో "కలకలం" అనే మాట నలభై ఒక్కసార్లు వచ్చిందని లెక్కతేల్చాడు. ఒకమ్మాయి స్కేలు పెట్టి ప్రకటనల పొడవూ వెడల్పూ కొలుచుకొచ్చింది. ఇంకొకడు ఫొటోల్లో ఎంతమంది పెద్దమనుషులు కళ్లు మూసుకున్నారో పట్టిక గీశాడు. ఎర్రసిరా ఎవరికీ నాలుగు దాటి వేయలేదు. "కోడిగుడ్డుకు ఈకలు పీకారు, గుడ్డు కుళ్లిందని మాత్రం చూడలేదు" అని ఒకరికి రాసింది. అందరికంటే తక్కువ ఆమె పక్కన కూర్చునే కుర్రాడికి పడ్డాయి. సొంతంగా ఒక్క వాక్యం రాసి ఎరుగడు గనక అతణ్ణి జిరాక్స్ అంటారు.

మాస్టారు ఆమె సమీక్షను పైకి చదివారు. ఒకప్పుడు ఆయనా పత్రికల్లో పనిచేసి, పొసగక బయటికొచ్చినవారే. చదవడం అయ్యాక కళ్లజోడు తుడుచుకుని, ఇది క్లాసులో ఉండాల్సిన కాగితం కాదన్నారు. మధ్యాహ్నంలోగా అది ఆ పత్రిక ఎడిటర్ ఫోనుకు చేరింది. జిరాక్స్ కూడా ఊరుకోలేదు. ఆమె రాసినదాన్ని తన మాటల్లోకి మార్చి ఊరివాళ్ల గ్రూపులో పెట్టాడు.

అక్కడినుంచి గోరంత కొండంత అయింది. "రెండింట్లో ఒకటి అబద్ధం" అన్నది సాయంత్రానికి "అబద్ధం బయటపడింది" అయింది. మంగళవారం ఉదయానికి కాంట్రాక్టర్‌ను విలేకరి కాపాడాడని తేలింది. మధ్యాహ్నానికి ఆ కాంట్రాక్టర్ విలేకరికి స్వయానా బావమరిది అయ్యాడు. విలేకరికి అసలు పెళ్లే కాలేదు. డిపో పక్క వీధివాళ్లు కొందరు వాన పడిందని చెప్పబోతే, వాళ్లు కాంట్రాక్టర్ మనుషులన్నారు. దాంతో మిగతావాళ్లు వాన సంగతి ఎత్తడం మానుకున్నారు. బుధవారానికి రెండు వందల మంది మున్సిపల్ ఆఫీసు మెట్ల మీద కూర్చున్నారు. సంగతి తేలేదాకా ఆఫీసుకు రావద్దని ఎడిటర్ విలేకరికి చెప్పేశారు.

ఆ విలేకరి ఆమెకు పరాయివాడు కాదు. నాన్నకు పక్క బల్ల స్నేహితుడు. ఆమె బాబాయి అని పిలుస్తుంది. సైకిల్ తొక్కడం ఆయనే నేర్పాడు. వార్త కింద పేరు వేయరు కాబట్టి రాసింది ఆయనేనని సమీక్ష రాసేటప్పుడు ఆమెకు తెలియదు. ఆ సాయంత్రం ఆయన ఇంటికొచ్చాడు. రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని కుర్చీ అంచున కూర్చున్నాడు.

"బాగా రాశావమ్మా. నీ చోట ఉంటే నేనూ అలాగే రాసేవాణ్ణి."

అది ఎత్తిపొడుపైతే ఆమెకు కొంత నయంగా ఉండేది. ఆయన నిజంగానే అన్నాడు.

"కానీ వాన పడింది. నేనూ తడిశాను. ఈ జలుబు ఆ రోజుదే."

జలుబు ఆధారం కాదని అనబోయి, మాట మింగి, ఆమె రెండో పేజీ తెచ్చి పెట్టె చూపించింది. బాబాయి పెట్టె వంక చూశాడు. తర్వాత నాన్న వంక చూశాడు. నాన్న తేలు కుట్టిన దొంగలా కిటికీ గడియ తీస్తూ, వేస్తూ నిలబడ్డాడు. బాబాయి టీ సగంలో వదిలేసి లేచి వెళ్లిపోయాడు. నాన్న అన్నం దగ్గరికి రాలేదు.

ఆమెకు మనసు మనసులో లేదు. అయినా తప్పు తనవైపు ఉందని అనుకోలేదు. ఇంకొంచెం ఆధారం ఉంటే బాబాయే ఒప్పుకుంటాడని, ఒప్పుకుంటే శిక్ష తగ్గుతుందని తనకు తనే నచ్చజెప్పుకుంది. గురువారం పొద్దున్నే బస్ డిపోకు వెళ్లింది. ఆ గోడ దగ్గరికి వెళ్లడం ఆమెకు అదే మొదలు.

ఇటుకల కుప్ప ఇంకా తీయలేదు. దాని పక్కన గోనెపట్టా మీద ఒక ముసలామె కూర్చుని ఉంది. ఎదురుగా ఏడు గొడుగులు వరసగా పెట్టి ఉన్నాయి. పోయినాయన భార్య. బాగుకిచ్చినవాళ్లు వచ్చి తీసుకెళ్తారని రోజూ తెచ్చి పెడుతోందట. ఏది ఎవరిదో ఆయనకే తెలుసట. ఇది నాదని ఎవరంటే వాళ్లకు ఇచ్చేయడమేనట.

"పెద్దమ్మా, ఆ రోజు ఇక్కడ వాన పడిందా?"

ముసలామె ఆమెను ఎగాదిగా చూసింది. "పడకపోతే ఇన్ని గొడుగులు ఎలా వస్తాయమ్మా? మామూలుగా రోజుకు ఒకటి వస్తే గొప్ప. ఆ రోజు నాలుగింటికి మొదలై అరగంట కుమ్మేసింది. జనం విరిగిన గొడుగులు పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. ఆయన ఎంత సంబరపడ్డాడో. ఇవన్నీ అయ్యాకే వస్తా, నువ్వు ఇంటికి పో అన్నాడు. పోయాను."

ఆమె ఎర్రకలం తీయలేదు. తిరుగు బస్సులో సీటు ఖాళీగా ఉన్నా నిలబడే వచ్చింది.

నాన్న ఇంటి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ఆమె పక్కన కూర్చునేసరికి అడగకుండానే చెప్పాడు.

"రెండో పేజీ మధ్యాహ్నం రెండింటికే అచ్చుకు పోతుందమ్మా."

"మరి ఆ రోజంతా ఎంత వాన పడిందో ఎలా రాస్తావు నాన్నా?"

"కిటికీలోంచి చూస్తాను."

మునుపు వాతావరణ కేంద్రం నుంచి ఒకాయన ఫోన్లో అంకెలు చెప్పేవాడట. ఐదేళ్ల కిందట ఆయన రిటైరయ్యాడు. అప్పటినుంచి అక్కడ ఫోన్ ఎత్తిన నాథుడు లేడు. పెట్టె ఖాళీగా వదిలితే పేజీ బోసిపోతుంది. డిగ్రీల మాటేమిటని ఆమె అడిగింది.

"నిన్నటిదానికి ఒకటి కలుపుతాను. చలికాలమైతే తీసేస్తాను. ఐదేళ్లలో ఒక్కరూ అడగలేదు." ఆ గొంతులో సిగ్గు ఉంది. కొంచెం నొచ్చుకున్నట్టూ ఉంది. ఈ సంగతి బాబాయికి మొదటినుంచీ తెలుసట. తెలిసీ ఎడిటర్ ముందు నోరు విప్పలేదట.

శుక్రవారం ఆమె తన సమీక్షను తనే ఖండిస్తూ నాలుగు పేజీలు రాసి తరగతిలో పెట్టింది. రివాజు ప్రకారం అందరూ దానికీ మార్కులు వేశారు. ముసలామె బాధితురాలు, విలేకరి నిందితుడు, నాన్న రక్తసంబంధీకుడు, ముగ్గురి మాటా చెల్లదని తేల్చారు. ఇంటివాళ్ల ఒత్తిడి కనిపిస్తోందని స్కేలు పెట్టి కొలిచిన అమ్మాయి రాసింది. జిరాక్స్ ఎక్కణ్ణుంచో ఎర్రకలం సంపాదించి, ప్రతి పేరా పక్కన "ఆధారం ఏది?" అని రాసి, పదికి ఒకటి వేశాడు. న్యాయంగా చూస్తే వాళ్లన్నది కాదనలేమని మాస్టారు బాధపడుతూనే చెప్పారు. గ్రూపులోకి ఆ నాలుగు పేజీలు ఎవరూ పంపలేదు.

అదే మధ్యాహ్నం మున్సిపల్ ఇంజనీరు జనాన్ని శాంతింపజేయడానికి డిపోకు వచ్చాడు. గోడ పడింది వానవల్లేనని చూపించాలని ఆయన ఉద్దేశం. రెండు వందల మంది చూస్తుండగా కుప్పలోంచి ఇటుకా ఇటుకా అంటుకున్న పెళ్ల ఒకటి పైకెత్తాడు. అది ఆయన చేతిలోనే పిండిలా రాలిపోయింది. ఇసుక, బూడిద. సిమెంటు వాసన కూడా లేదు. వాన పడిన మాట నిజమే. పడకపోయినా, పిల్లి ఎక్కి దూకినా ఆ గోడ ఏదో ఒక రోజు పడేదే. కాంట్రాక్టర్‌కు నోటీసు వెళ్లింది. ఆమె చేసిన తప్పు నిజాన్ని బయటికి లాగింది. దిద్దుకోవడానికి రాసిన నిజం మాత్రం బల్ల సొరుగులోనే ఉండిపోయింది.

శనివారం పత్రిక మొదటి పేజీలో "మా కథనంతో కదిలిన యంత్రాంగం" అని అచ్చేసుకుంది. బాబాయికి ఆఫీసుకు రమ్మని కబురొచ్చింది. నాన్న ఎడిటర్ గదిలోకి వెళ్లి ఐదేళ్ల సంగతీ చెప్పేశాడు. ఇంత మంచి రోజున ఆ మాట ఎత్తావేమిటని ఎడిటర్ విసుక్కుని, ఇకనుంచి పెట్టెలో అంకెలు మానేసి "పాక్షికంగా మేఘావృతం" అని వేయమన్నారు. తిడతారని గుండె దిటవు చేసుకుని వెళ్లినవాడు ఆ రోజంతా దిగాలుగా ఉన్నాడు.

ఆదివారం పేజీకి ముసలామె మీద ఒక కథనం కావాలని, మొదట తీగ లాగిన ఆ అమ్మాయే రాయాలని ఎడిటర్ కోరారు. ఆమె బాబాయితో కలిసి డిపోకు వెళ్లింది. గొడుగులు రెండు మిగిలాయి. ముసలామె కొంగులోంచి కాగితాల మడత తీసింది. వార్త వచ్చిన ముక్క, మొదటి పేజీ, ఇంజనీరు నివేదిక నకలు, ఎవరో తెచ్చిచ్చిన ఆమె సమీక్ష, అన్నీ ఉన్నాయి. పక్కింటి పిల్లతో చదివించుకుందట.

"ఇన్నింట్లో ఆయనెక్కడున్నాడమ్మా?"

ఎర్రసిరా వంగి "వృద్ధుడు" అన్నచోట వేలు పెట్టి చూపించింది.

"ముసలివాళ్లు ఊళ్లో చాలామంది ఉన్నారుగా" అంది ముసలామె.

ఆరు లైన్ల వార్తలోనూ, పద్నాలుగు సమీక్షల్లోనూ, తను రాసిన నాలుగు పేజీల్లోనూ, నివేదికలోనూ ఆయన పేరు లేదు. అడిగినవాళ్లే లేరు. బాబాయి తల పక్కకు తిప్పుకుని ముక్కు తుడుచుకున్నాడు. జలుబు అప్పటికి తగ్గిపోయింది.

ఆమె పేరు అడిగింది. ముసలామె చెప్పింది. ఒక్కొక్క అక్షరం పైకి పలుకుతూ రాసుకుంది. రాసింది తిరిగి చదివి వినిపించింది. ముసలామె అవునని తలూపాకే పుస్తకం మూసింది. బాబాయి అక్కణ్ణుంచే ఫోన్ చేసి డెస్కుకు ఆ పేరు రెండుసార్లు చెప్పాడు.

ఆదివారం పత్రికలో పేరు పెద్ద అక్షరాలతో వచ్చింది. అందులో ఒకటి తప్పు.