వీరుడి ప్యాంటు

ఊరి ఉత్సవాలు మొదలయ్యే రోజు పొద్దున్న, ఉత్సవ కమిటీ గుమాస్తా వేసుకున్న పథకం చాలా చిన్నది. అత్తగారు చెల్లెలి ఇంటికి బయలుదేరగానే ఆవిడ కుట్టుమిషను ఆటోలో వేసుకుపోయి పాతవస్తువుల ప్రదర్శనలో పెట్టడం, సాయంత్రం ఆవిడ వచ్చేలోగా తెచ్చి ఎప్పటి చోట ఉంచేయడం. అడిగి తీసుకెళ్ళవచ్చు కదా అంటే, ఆవిడ ఆ మిషనును కన్నకూతురినే ముట్టుకోనివ్వదు. ఇక అల్లుడి సంగతి చెప్పేదేముంది?

గుమాస్తాకు వేరే దారి లేదు. గదినిండా పాతవస్తువులు తెస్తానని నెలరోజులుగా కోతలు కోశాడు. ఇస్తామన్నవాళ్ళంతా ఆఖరి నిమిషంలో మొహం చాటేశారు. గుమ్మానికి ఎదురుగా ఉన్న పెద్ద బల్ల ఖాళీగా నోరు తెరుచుకొని చూస్తోంది.

హడావిడిలో, సూది కింద చిరుగు సగమే కుట్టి ఉన్న ఖాకీ ప్యాంటు కూడా మిషనుతోపాటే వచ్చేసింది. దాన్ని తీసి దాచేలోగా కమిటీ అధ్యక్షుడు ఊడిపడ్డాడు.

"మిషను బాగుందయ్యా. ఈ ప్యాంటేమిటి?"

"అదీ... పాతదేనండీ."

"ఖాకీ అంటే సైనికుడిదా?"

అధ్యక్షుడు ప్యాంటు తిరగేసి వెనకవైపు చిరుగులో వేలు పెట్టాడు. "ఇక్కడేదో తగిలినట్టుందే!"

"తగిలిందండీ."

"తూటానా?" అంటూ అధ్యక్షుడు గుండెమీద చెయ్యి వేసుకున్నాడు. జవాబు కోసం ఆగకుండా ఆయనే అట్టముక్క తీసి పెద్ద అక్షరాలతో రాశాడు: 'పాత యుద్ధంలో తూటా తిన్న వీరుడి ప్యాంటు.' మిషను గోడవారకు వెళ్ళింది. ప్యాంటు పెద్ద బల్ల ఎక్కింది.

అక్కడ ఇంటిదగ్గర కథ ఇంకోలా నడిచింది. చెల్లెలి ఇంటికి తాళం వేసి ఉండటంతో అత్తగారు వెళ్ళిన కాళ్ళతోనే తిరిగొచ్చింది. అదే సమయానికి వీధి చివర ఉండే కానిస్టేబుల్ తన ప్యాంటు కోసం వచ్చాడు. ఉత్సవాల్లో బందోబస్తు డ్యూటీ. ఉన్న రెండు ప్యాంట్లలో ఒకటి ఉతుక్కి వేశాడు, రెండోది చిరుగు కుట్టమని ఆవిడకిచ్చాడు. పైన యూనిఫాం చొక్కా, కింద గళ్ళ పైజమా. మిషను ఉండే మూల ఖాళీగా కనబడేసరికి ఇద్దరూ లబోదిబోమంటూ, అల్లుడికి చెబుదామని ప్రదర్శన గదికి పరుగెత్తారు.

అప్పటికే ముఖ్య అతిథి, రిటైరైన సైనికాధికారి, ప్యాంటు ముందు అటెన్షన్‌లో నిలబడి సెల్యూట్ కొడుతున్నాడు. గదంతా కిక్కిరిసిన జనం ఊపిరి బిగబట్టి చూస్తున్నారు.

"అల్లుడుగారూ, కొంప మునిగింది! నా మిషను ఎవడో వెధవ..." అంటూ వచ్చిన అత్తగారికి గోడవారనున్న మిషను కనబడింది. తరవాత దాని పక్కనున్న అల్లుడి మొహం కనబడింది. మిగిలిన మాట ఆవిడ మింగేసింది. గుమాస్తాకు ఆ మింగడం చూస్తేనే ఎక్కువ భయం వేసింది.

కానిస్టేబుల్ బల్లవైపు వేలు చూపించి "అది నా..." అన్నాడు.

సైనికాధికారి గిరుక్కున తిరిగాడు. "మీ?"

వందమంది కళ్ళు పైజమా మీద పడ్డాయి. ఆ చిరుగు దొంగతో పెనుగులాడినప్పుడు అయిందని అతను స్టేషన్లో చెప్పుకున్నాడు. కుక్క తరిమి పీకిందన్న నిజం కుట్టే అత్తగారికే తెలుసు. ఎస్సైగారేమో గుమ్మంలోనే ఉన్నారు.

"మా... తాతగారిదండీ," అన్నాడు కానిస్టేబుల్.

సైనికాధికారి అతన్ని కావలించుకున్నాడు. కళ్ళజోడు పెట్టుకొని చిరుగు పరీక్షించాడు. "చాలా దగ్గర్నుంచి కాల్చారు," అన్నాడు. అంతలో ఆయన నుదురు ముడిపడింది. "కానీ, వెనకవైపు తగిలిందేమిటి? వెన్నిచ్చి పారిపోతున్నాడా?"

అధ్యక్షుడు గుమాస్తాను చూశాడు. గుమాస్తా తన ఉద్యోగం తలుపుదాకా వెళ్ళి చెప్పులు వేసుకోవడం కళ్ళారా చూశాడు.

"అయ్యా, వెనకనుంచి కాలిస్తే వెనకే కదండీ తగిలేది," అంది అత్తగారు నింపాదిగా. "అలాంటి మనిషికి ఎదురుపడి కాల్చే మగతనం వాళ్ళకెక్కడిది?"

చప్పట్లు మోగిపోయాయి. ఎస్సైగారు కూడా కొట్టారు. ఇకమీద ఏటా ఈ ప్యాంటును ఊరేగించాకే ఉత్సవాలు మొదలుపెట్టాలని సైనికాధికారి అక్కడికక్కడే ప్రకటించాడు. ఆ ఊళ్ళో అంతకుముందు ఏ ఆచారమూ అంత తొందరగా పుట్టలేదు.

చప్పట్ల చాటున అత్తగారు అల్లుడి పక్కకు చేరింది. "మిషను ఇంటికి రావాలి. ఆటోలో కుదుపులకు పాడవుతుంది. మీరే మోసుకురండి."

"నేనా, అత్తయ్యగారూ?"

"మరి దాన్ని ఎత్తుకొచ్చిన వెధవ ఎవరో నాకెలా తెలుస్తుంది, అల్లుడుగారూ?"

గుమాస్తా మోశాడు. వెనకాలే కానిస్టేబుల్, అధ్యక్షుడు అరువిచ్చిన తెల్లప్యాంటు పైకి లాక్కుంటూ, దారి పొడుగునా తాతగారి గురించి అడిగినవాళ్ళకల్లా కొత్త సంగతులు చెబుతూ నడిచాడు. ఇల్లు చేరేసరికి తాతగారు మూడు యుద్ధాలు గెలిచారు.

మరుసటి ఏడు ఊరేగింపు బయలుదేరే ముందు, ఆ ప్యాంటు అసలు తమ తాతగారిదంటూ పక్కవీధి నుంచి మరో ఇద్దరు వచ్చారు. వాళ్ళలో ఒకాయన సాక్షులను కూడా తెచ్చుకున్నాడు.